ఆరు జతల తెల్లబట్టలు

కువైట్‌లోని మా స్కూలు పిల్లల్ని ఈ సెలవుల్లో శ్రీలంక తీసుకెళ్తున్నాం. ఇరవై ఆరుమంది పిల్లలు, నలుగురు టీచర్లం. నలుగురిలో వయసులో పెద్దదాన్ని నేనే కాబట్టి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు నా నెత్తికి చుట్టారు. పొద్దున కాఫీ కలుపుకునేలోపే ఫోను మోగడం మొదలవుతుంది. "మేడం, అక్కడ పెరుగన్నం దొరుకుతుందా?" "మేడం, మావాడికి కిటికీ పక్క సీటే కావాలంట." "మేడం, పాప ఇఖామా గడువు ఇంకో మూడు నెలలే ఉంది, తిరిగి కువైట్‌లోకి రానిస్తారా?" విసుక్కుంటూనే అందరికీ జవాబిస్తాను. ఆ పిల్లలకంటే నాకే తొందరగా ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. ప్రయాణం ఇంకా పందొమ్మిది రోజులుంది, నా సూట్‌కేసు మాత్రం అప్పుడే హాల్లో తెరిచిపెట్టి ఉంది. మావారు దాన్ని దాటుకుంటూ తిరుగుతూ, "టూరు పిల్లలకా, నీకా?" అంటారు. నాకే అంటాను. అందులో దాచుకునేదేముంది!

మొన్న సాయంత్రం గ్రూపులో కాకుండా నాకు విడిగా ఒక మెసేజ్ వచ్చింది. పంపినామెది కడప. వాళ్లాయన సాల్మియాలో ఒక హోటల్లో వంటమాస్టరు. కూతురు మా స్కూల్లో తొమ్మిదో క్లాసు. "మేడం, పిల్లలకు తెల్ల డ్రెస్ తప్పనిసరి అని రాసినారు. మా ఇంట్లో పెద్దోళ్లు ఒప్పుకోవడం లేదు. లేత పసుపు రంగు పర్వాలేదా?" చదివి పకపకా నవ్వాను. పక్కన సోఫాలో కూర్చుని మెంతికూర ఒలుస్తున్న మా అమ్మ, "ఏంది మే, అంత నవ్వు?" అంది. చదివి వినిపించాను. అమ్మ మెంతికూర పళ్లెంలో పెట్టేసి, "అయితే అది తియ్యి" అంది. ఏదని నేను అడగలేదు. కుర్చీ వేసుకుని బీరువా మీది పాత పెట్టె దించి, అడుగున గుడ్డలో చుట్టి ఉన్న తెల్ల పంజాబీ డ్రెస్ తీశాను. నాకు పద్నాలుగేళ్లప్పటిది. ఇప్పుడు నా ఒక చెయ్యి కూడా అందులో సరిగా దూరదు.

అప్పుడు మేం ఉండేది కూడా ఈ ఫింటాస్‌లోనే, సముద్రానికి రెండు వీధుల వెనక, మూడంతస్తుల పాత బిల్డింగులో. మా నాయన అహ్మదిలో ఒక కాంట్రాక్టరు దగ్గర పంపుల మెకానిక్కు. తెల్లవారక ముందే కంపెనీ బస్సు వచ్చేది. అంతకు ముందే అమ్మ లేచి సంగటి కెలికేది. కువైట్‌లో రాగిపిండి దొరకడం అప్పట్లో పెద్ద గగనం. రాయచోటి నుంచి ఎవరు వస్తున్నా వాళ్ల పెట్టెలో సగం మా పిండే. సంగటి వాసన, చెనిగ్గింజల ఊరుబిండి, అంటే వేరుశెనగ పచ్చడి వాసన, నాయన నీలం యూనిఫాంకు ఎన్ని ఉతుకులు ఉతికినా పోని గ్రీజు వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు తెల్లవారినట్టు. మా ఇంట్లో దుప్పట్లన్నీ రంగురంగుల పూలవి. తువ్వాళ్లు ఎరుపు, దిండు గలీబులు ఆకుపచ్చ. నా స్కూలు చొక్కా తప్ప తెల్లటి గుడ్డన్నది ఇంట్లో లేదని నేను అప్పటిదాకా గమనించనే లేదు.

స్కూల్లో మా సోషల్ టీచరు ఒకరోజు బోర్డు మీద శ్రీలంక బొమ్మ వేసి, "బుద్ధుడి గురించి పుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకున్నారు. ఇప్పుడు వెళ్లి చూస్తారా?" అని అడిగింది. క్లాసంతా బల్లల మీద దరువు వేసింది. నేను పుట్టింది రాయచోటిలో, పెరిగింది ఇక్కడ. విమానం అంటే నాకు కువైట్ నుంచి ఊరికీ, ఊరి నుంచి కువైట్‌కూ తిప్పే బస్సు లాంటిదే తప్ప మూడో చోటికి అది వెళ్తుందన్న సంగతే తట్టలేదు. అమ్మానాన్న లేకుండా, స్నేహితులతో, పచ్చటి కొండలున్న దేశానికి! కువైట్‌లో పెరిగిన పిల్లకు కొండ అంటే ఏంటో చెప్పాలంటే బొమ్మే చూపించాలి. ఆ రోజు స్కూలు బస్సులో ఇంటికి వచ్చేదాకా నా నోరు మూతపడలేదు. అట్లాసు అద్దెకు తెచ్చినట్టు వారం రోజులు ఒళ్లోనే పెట్టుకుని తిన్నాను, పడుకున్నాను. అనురాధపురం, కండి అని కలవరించానని అమ్మ చెప్పేది.

టీచరు ఒక కాగితం ఇచ్చింది. ఏమేం తెచ్చుకోవాలో అందులో ఉంది, కింద తల్లిదండ్రులు ఇద్దరూ సంతకం పెట్టాలి. శ్రీలంకలో అప్పటిదాకా యుద్ధం. కాల్పులు ఆగి కొద్ది కాలమే అయింది. అమ్మ ఆ భయంతో వద్దంటుందని నేను పేపరు కత్తిరింపులు కూడా సిద్ధం చేసుకున్నాను. అమ్మ బాంబుల మాటే ఎత్తలేదు. స్వెట్టరు అవసరమా, పచ్చడి తీసుకుపోనిస్తారా అని అడిగింది. నేను కాగితం చదువుతూ వెళ్తున్నాను. ఆరో వరుసలో ఉంది: గుళ్లకు వెళ్లే రోజు కోసం పూర్తి తెల్లబట్టలు ఒక జత.

"పూర్తి తెల్లబట్టలంటే?"

"అంటే పైదీ కిందదీ, చున్నీ కూడా తెలుపే."

"అదేం కుదర్దు" అంది అమ్మ. అంతే, లేచి వంటింట్లోకి పోయింది.

స్కూలు చొక్కా తెల్లదే కదా అని వెంటపడ్డాను. "దానికింద నీలం పావడ ఉండాది. ఇది తలకాయ నుంచి పాదం దాంకా తెలుపు. పెండ్లి కావాల్సిన పిల్లకు నా చేత్తో నేను తెల్లబట్ట తొడిగి పంపీల్నా?" అంది. అప్పుడు నాకు నాయన చెప్పాడు. అమ్మకు ఎనిమిదేళ్లప్పుడు తాత పోయాడు. పదకొండో రోజున అవ్వకు తెల్లచీర కట్టించి బయటికి తెచ్చినప్పుడు, అమ్మ తన తల్లిని గుర్తుపట్టలేక పక్కింటామె వెనక దాక్కుందట. ఆ తర్వాత ఏ శుభకార్యంలోనూ అవ్వ ముందుకు రాలేదట, సొంత కూతురి పెళ్లిలో కూడా. అది విన్నాక నాకు అమ్మ మీద కోపం పోయింది. వెళ్లాలన్న ఆశ మాత్రం పోలేదు. అమ్మ మీద జాలీ, ఆ ఆశా రెండూ ఒకేసారి ఉంటే ఎంత నరకమో పద్నాలుగేళ్లకే తెలిసింది.

నాయన తన వంతు ప్రయత్నం చేశాడు. ఒక శుక్రవారం మేం ముగ్గురం జమియాకు, అంటే మా పేట సహకార స్టోరుకు, సరుకులకని నడిచి వెళ్తుంటే, ఎదురుగా వచ్చే కువైటీ మగవాళ్లను చూపిస్తూ, "సూడు మే, ఈ దేశంలో మగోళ్లంతా తెల్లగౌన్లే. ఈళ్లంతా ఎవుర్ని పోగొట్టుకున్యారంటావు?" అన్నాడు. అమ్మ మూతి తిప్పుకుని, "ఆళ్ల ఆచారం ఆళ్లది. నువ్వు సంతకం పెట్టుకో పో, నేనైతే పెట్టను" అంది. రెండు సంతకాలూ లేకుండా టీచరు పేరు రాసుకోదు. ఇంకా పది రోజులే గడువు.

మా కింది అంతస్తులో జైనబ్ పిన్నమ్మ ఉండేది. వాళ్లదీ రాయచోటే. భర్త టాక్సీ నడిపేవాడు, ఆమె ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. వాళ్ల సాజిదా నా క్లాసే, నాతోపాటే రావాలి. మా స్కూలు బస్సులో వచ్చే ఆరుగురు ఆడపిల్లల తెల్లబట్టలూ కుట్టే పని ఆమెకే వచ్చింది. ఆమె తెల్లగుడ్డ తాను తెచ్చి మా ఇంట్లోనే పరిచి కత్తిరించింది, వాళ్ల గది చాలక. "అక్కా, మాకైతే హజ్‌కు పోయేటప్పుడు కట్టేది తెలుపే. భయపడేది ఏముండాదిలే" అనేది. అమ్మ ఆ గుడ్డకేసి చూడకుండా గుండీలు మాత్రం కుట్టి పెట్టేది. నా బట్ట కూడా అందులో ఉందని తెలుసు, కొలతలు తీసుకుంటుంటే వద్దనలేదు. సంతకం మాత్రం పెట్టలేదు.

చివరికి అమ్మను కదిలించింది కుసుమ. మా బిల్డింగు వెనక ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది, శ్రీలంక మనిషి. వాళ్ల మిద్దె, మా మిద్దె ఎదురెదురు. రెండు పిట్టగోడల మధ్య ఒక బారెడు సందు. అమ్మ మిద్దెమీద బట్టలు ఆరేసే వేళకే ఆమె కూడా తన యజమానివి, ఆయన కొడుకులవి తెల్లగౌన్లు ఆరేసేది. యజమానురాలిని అరబీ పద్ధతిలో మామా, అంటే అమ్మా అనేది, మా అమ్మను అక్కా అనేది. వాళ్ల భాషలోనూ అక్క అంటే అక్కేనట. కాస్త అరబీ, కాస్త హిందీ, మిగతాది చేతులతో, వాళ్లిద్దరికీ ఏళ్ల తరబడి మాటలు నడిచాయి. నేను వాళ్ల దేశానికే వెళ్లబోతున్నానని తెలిసి ఆమె పిట్టగోడ మీదినుంచి దాదాపు ఇటు దూకినంత పని చేసింది. అమ్మ తెల్లబట్టల గొడవ చెప్పింది. కుసుమ ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత, "అక్కా, మాఫీ ముష్కిల్!" అని, అంటే ఏం ఇబ్బంది లేదని మొదలుపెట్టి చెప్పుకొచ్చింది. వాళ్ల ఊళ్లో ప్రతి పున్నమికీ ముత్తైదువలు, పిల్లలు, మొగుళ్లు, అంతా తెల్లబట్టలు కట్టుకుని రెండు చేతుల్లో పూలు పట్టుకుని గుడికి వెళ్తారు. తెలుపు అంటే మంచిరోజు బట్ట. తను ఇక్కడికి వచ్చి ఏడేళ్లు, ఆ బట్ట కట్టి ఏడేళ్లు. ఒంటి మీది గళ్ల యూనిఫాం చూపించి నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "బేబీ వెళ్తే నా పేరు చెప్పి ఒక పువ్వు పెట్టమను అక్కా" అంది.

ఆ రాత్రి అన్నాలప్పుడు అమ్మ నాయన పక్కన కాగితం పెట్టి, "ఆయమ్మ పేరు చెప్పి రొండు పూలు పెట్టిరా. ఒకటి సాలదు" అంది. సంతకం పెట్టేసింది! నేను ఎంగిలి చేత్తోనే అమ్మను వాటేసుకున్నాను. "థూ, చెయ్యి కడుగు మే!" అని తిట్టింది. ఆ తిట్టు ఎంత కమ్మగా ఉందో. అయితే ఒక షరతు పెట్టింది. కొత్తబట్టకు పసుపు పెట్టకుండా తొడగడానికి వీల్లేదు.

మామూలుగా కొత్తబట్టకు ఒక మూల చిటికెడు పసుపు రాస్తాం. అమ్మ అట్లా రాయలేదు. జైనబ్ పిన్నమ్మ ఆరు జతలూ కుట్టి మడతలు పెట్టి ఇవ్వగానే, గిన్నెలో పసుపు కలుపుకుని కూర్చుని, మెడకు, రెండు చేతులకు, అంచు పొడుగునా, చున్నీ నాలుగు మూలలా, అంచు మడత లోపలికి కూడా వేలు పోనిచ్చి మరీ రాసింది. నావే కాదు, ఆరుగురివీ. "పిన్నమ్మా, సాజిదా డ్రెస్‌కు గూడా పెడతాంది మా అమ్మ" అంటే, "పెట్టనీలే, పసుపుకు మతమేంది" అని జైనబ్ పిన్నమ్మ దారం కొరుకుతూ అంది. శనివారం స్కూల్లో బ్యాగులు చూస్తారు, ఆదివారం విమానం. నేను గంటకోసారి నా పెట్టె తెరిచి మూసేదాన్ని. బ్రష్ కొత్తది, సబ్బుడబ్బా కొత్తది, అమ్మ చేసిన చెనిగ్గింజల ఉండలు రెండు డబ్బాలు.

బుధవారం సాయంత్రం దుమ్ముగాలి లేచింది. ఇక్కడ ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, ఆకాశం ఇటుకపొడి రంగుకు తిరిగి, కిటికీలు ఎంత బిగించినా పంటికింద ఇసుక తగులుతుంది. పొద్దునకు కిటికీ పక్క బల్లమీదున్న ఆరు జతలమీదా సన్నటి మట్టి. అప్పట్లో ఇక్కడ వారాంతపు సెలవు గురు, శుక్రవారాలు. మధ్యాహ్నం అన్నం తిని అమ్మ కునుకు తీస్తోంది. అమ్మ లేచేలోపు పని అయిపోతే ఎంత మురిసిపోతుందో అనుకుని, నేను బక్కెట్లో నాలుగు గుప్పిళ్ల సబ్బుపొడి వేసి, ఆరు జతలూ ముంచేశాను. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియదా? తెలుసు. సంబరంలో బుర్ర పనిచెయ్యలేదు.

ఒకటి పైకి తీశాను. మెడ చుట్టూ, చేతులకు, అంచుల పొడుగునా ఎర్రగా, చిక్కగా, అచ్చం నెత్తురు. రెండోది తీశాను, మూడోది తీశాను. నా అరుపుకు అమ్మ లేచి వచ్చింది. తెల్లబట్టలమీద ఆ ఎరుపు చూసి బాత్రూం గడప మీదే కూలబడింది. నన్ను కొడితే బాగుండేది. తిట్టనైనా తిట్టలేదు.

"నా మనసుకు అప్పుడే కొట్టింది. పోవద్దు మే. ఇంగ చాలు" అంది. "ఆ బక్కెట్టు నా కంటికి అగపడకుండా తీస్కపో."

నావి పోతే పోయాయి, మిగతా ఐదుగురివి? సాజిదాకు ఏం చెప్పాలి? ఏడుస్తూ బక్కెట్టు మోసుకుని మిద్దె ఎక్కాను. దుమ్ము అణిగిపోయి ఎండ ఫెళ్లున కాస్తోంది. ఎదురు మిద్దె మీద కుసుమ గౌన్లు జాడిస్తోంది. నా ఏడుపు చూసి పిట్టగోడ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. నేను ఎర్రటి చున్నీ ఎత్తి చూపించాను. ఆమె ఒక్క క్షణం భయపడి, ముక్కు చాపి వాసన పట్టి, "కర్కుమ్?" అంది. అరబీలో పసుపు. తలూపాను. అంతే, ఆమె విరగబడి నవ్వింది! నాకు ఒళ్లు మండిపోయింది. నవ్వుతూనే లోపలికి పోయి, ఒళ్లో ఇన్ని నిమ్మకాయలు పోసుకుని వచ్చి, ఒక్కొక్కటీ సందు మీదుగా నా మీదికి విసరడం మొదలుపెట్టింది. "లెమన్! బాదేన్ షంస్, షంస్!" నిమ్మకాయ పిండు, ఆ తర్వాత ఎండ అని. ప్రతి శుక్రవారం ఆ ఇంట్లో విందు, ప్రతి శనివారం ఆమె ముందు కూర మరకలు పడిన పది తెల్లగౌన్లు. ఆ మరకలు వదిలించడం కువైట్‌లో ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు ఎవరుంటారు?

రెండు నిమ్మకాయలు కింద వీధిలో పడ్డాయి. మిగతావి పట్టుకున్నాను. బాగా జాడించి, రసం పిండగానే ఎరుపు విరిగి మళ్లీ పసుపయింది. దాన్ని చూసి నాకు ఏడుపులోంచి నవ్వొచ్చింది. నేను కెమిస్ట్రీ టీచర్ని అయింది ఆ మిద్దె మీదేనని మావారు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. తర్వాత ఆరు జతలూ తీగెల మీద పరిచాను. కువైట్ ఎండను మా నాయన తిట్టని రోజు లేదు, నేనూ తిట్టేదాన్ని. ఆ మధ్యాహ్నం మాత్రం దానికి దండం పెట్టుకున్నాను. తీగె కిందే కూర్చుని, పది నిమిషాలకోసారి లేచి చూశాను. పసుపు లేతబడింది, గోధుమరంగయింది, కనపడీ కనపడకుండా అయింది. గంట తర్వాత ఎక్కడ ఉండేదో వెతుక్కోవలసి వచ్చింది.

నాలుగు గంటలకు అమ్మ పైకి వచ్చింది. మా తీగెల మీద ఆరు జతలు, అటు కుసుమ తీగెల మీద వరసగా గౌన్లు, అన్నీ ఒక్కటే తెలుపు. కుసుమ పిట్టగోడ మీద గడ్డం ఆనించుకుని చూస్తోంది. అమ్మ నా పైబట్ట దగ్గరికి వచ్చి, అంచు పట్టుకుని, మడత వేలితో విప్పింది. ఎండ తగలని ఆ మడత లోపల, తాను రాసిన పసుపు చెక్కుచెదరకుండా ఉంది.

"ఉండాదే" అంది అమ్మ. మళ్లీ ఇంకో బట్ట మడత విప్పి చూసింది, ఆ తర్వాత ఆరూ చూసింది. "యాడికీ పోలేదు మే, లోపలే ఉండాది." అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీది, "ఇస్త్రీపెట్టె పెట్టు పో, శనివారానికి ఇంగ టైం యాడుండాది?" అని నన్ను గదమాయించింది.

ఆ ప్రయాణం గురించి చెప్పాలంటే అది వేరే పుస్తకమే అవుతుంది. కొండలు చూసి బస్సులో అందరం ఒకేసారి కేకలు పెట్టాం, డ్రైవరు భయపడి బండి ఆపాడు. అనురాధపురంలో బోధివృక్షం దగ్గర ఎటు చూసినా తెల్లబట్టలే. చంకలో బిడ్డల్ని ఎత్తుకున్న తల్లులు, కొత్తగా పెళ్లయిన జంటలు, నవ్వుతూ, పూలు పట్టుకుని. మా అమ్మ ఇది చూడాలి అనుకున్నాను. రెండు పూలు పెట్టి కుసుమ పేరు చెప్పాను. మూడోది పెట్టి మా అవ్వ పేరు చెప్పాను, అది ఎవరూ చెప్పమనలేదు. తిరిగొచ్చేసరికి మిగిలిన తాను గుడ్డతో జైనబ్ పిన్నమ్మ కుసుమకు ఒక తెల్ల జాకెట్టు కుట్టి ఉంచింది. ఆమెకు సెలవిచ్చిన శుక్రవారం అది తొడుక్కుని మా ఇంటికి వచ్చింది. నేను పుస్తకంలో అణిచి తెచ్చిన దేవగన్నేరు పువ్వును కళ్లకు అద్దుకుంది. రెండేళ్లకు ఆమె వాళ్ల దేశం వెళ్లిపోయింది. ఇప్పటిలా ఫోన్లు ఉంటే రోజూ మాట్లాడుకునేవాళ్లేమో. అప్పుడు నంబరు రాసుకున్న కాగితం ఒకటి ఉండేది, అదీ ఇల్లు మారడంలో పోయింది. ఇవాళ నా దగ్గర ఇరవై ఆరు ఇళ్ల నంబర్లున్నాయి, ఏ ఇంటి మిద్దెకు ఎదురు మిద్దె ఎవరిదో ఒక్కటీ తెలియదు.

మొన్న సాయంత్రం ఆ డ్రెస్ ఒళ్లో పెట్టుకునే కడప ఆమెకు ఫోన్ చేశాను. అత్తగారు ఒప్పుకోవడం లేదని, పిల్ల అన్నం మానేసిందని, ఆమె గొంతు దీనంగా ఉంది. నేను నచ్చజెప్పడం మొదలుపెట్టాను, టీచరు గొంతుతో. అమ్మ విసుగ్గా నా చేతిలోంచి ఫోను లాక్కుంది. నాయన పోయి రెండేళ్లయింది. అమ్మ విజిట్ వీసా మీద నా దగ్గరికి వచ్చి నెల. ఆ రోజు ఒంటిమీద చిలకపచ్చ చీర ఉంది.

"ఏమ్మా, నేను మేడం వాళ్లమ్మను. మీ అత్తకు నేను చెప్పినానని చెప్పు. మా ఆయన పోయినప్పుడు తెల్లచీర తెచ్చినారు నాకు కట్టాలని. నేను కట్టలా. అది మంచిరోజు బట్ట, మీ ఇష్టమొచ్చినప్పుడు కట్టేది కాదని చెప్పి పెట్టెలో పెట్టినా. పిల్లకు కుట్టియ్యి."

అటునుంచి ఆమె మెల్లగా అడిగింది. "పసుపు పెట్టి పంపొచ్చా పెద్దమ్మా? మరక పడ్తాదేమో."

అమ్మ నా ఒళ్లోంచి డ్రెస్ తీసుకుని అంచు మడత విప్పి చూసుకుంది.

"పడనీ మా. పైదంతా ఎండ తీస్కపోతాది. మడతలోది ఉంటాది."